మాగ్మా ఎక్కడ ఆగి వచ్చింది?

2023 డిసెంబర్ 18 రాత్రి పది దాటాక ఐస్‌లాండ్‌లో గ్రిందావిక్ అనే ఊరికి ఉత్తరాన నేల చీలింది. చూస్తుండగానే ఆ చీలిక 4 కిలోమీటర్ల దాకా పాకింది. పొడవునా నిప్పు గోడ కట్టినట్టు లేచింది. కెమెరాలు దాన్ని ప్రపంచమంతటికీ ప్రత్యక్షంగా చూపించాయి. ఫోన్ పట్టుకుని కూర్చున్నవాణ్ణి చాలాసేపు లేవలేకపోయాను. ఇంత ఉధృతంగా మొదలైంది కదా, ఎన్ని నెలలు పారుతుందో అనుకున్నాను. మూడు రోజులకే ఆగిపోయింది.

ఆ వారం తరగతిలో దీని గురించి మాట్లాడుతుంటే ఒక అమ్మాయి లేచింది. "సార్, 2021లో దీని పక్కనే వచ్చింది ఆరు నెలలు పారిందన్నారు. ఇది మూడు రోజులకే ఎందుకాగింది? రెండూ ఒకటే రకం లావా కదా?"

"అవునమ్మా, రెండూ బసాల్టే, తేలిగ్గా పారే నల్లని లావా" అన్నాను. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే అది ఆమె ప్రశ్నకు జవాబు కాదని తెలిసింది. రెండూ ఒకటే అన్నదే ఆమె సమస్య. దాన్నే తిప్పి జవాబుగా చెప్పాను. మర్నాడు చెబుతానని కూర్చోబెట్టాను గానీ, ఆ మర్నాడు రావడానికి నాకు చాలా నెలల చదువు పట్టింది.

ఆ చదువంతా అయ్యాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. భూమి పైపెంకు ముక్కలైన ఫలకాలు విడిపోయే చోట్ల, అంటే రిఫ్టుల్లో, అగ్నిపర్వతం ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవాలంటే మనం మొదట అడగాల్సింది "ఏ రకం మాగ్మా?" అని కాదు (మాగ్మా అంటే భూమి లోపల కరిగిన రాయి, అదే పైకొస్తే లావా). "ఎక్కడ ఆగింది, ఎంతకాలం ఆగింది, ఏ దారిన వచ్చింది?" అని. మొదటి ప్రశ్నకు జవాబు కూడా చాలాసార్లు ఈ రెండో ప్రశ్నలోనే ఉంటుంది.

పాఠ్యపుస్తకంలో ఉన్నది తప్పని నేననను. మాగ్మాలో ఉండే సిలికా, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం. దాని అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులు కడతాయి. సిలికా పెరిగేకొద్దీ గొలుసులు పెరుగుతాయి, ద్రవం చిక్కబడుతుంది. బసాల్ట్‌లో సిలికా 50 శాతం చుట్టుపక్కల ఉంటుంది, వేడి 1,100 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్. రయొలైట్ అనే చిక్కని మాగ్మాలో సిలికా 70 శాతం దాటుతుంది, వేడి 700 నుంచి 900 డిగ్రీలు. వాటి చిక్కదనాల మధ్య తేడా లక్షల రెట్లు, కొన్నిసార్లు కోట్ల రెట్లు. పలుచని ద్రవంలో గ్యాస్ బుడగలు తేలిగ్గా పైకొచ్చి పోతాయి. చిక్కని దాంట్లో చిక్కుకుని, చివరికి దాన్ని ముక్కలు చేసుకుని బయటపడతాయి. ఇది నిజం. ఇప్పటికీ పిల్లలకు ఇదే చెబుతాను.

కానీ ఆ పాఠం పక్కన ఉండే బొమ్మతోనే నాకు పేచీ. శంఖం ఆకారంలో ఒక కొండ, దాని కింద గుండ్రని ఒక గది, మధ్యలో నిటారుగా ఒక గొట్టం. ఆ పక్కన చిన్న పట్టిక. బసాల్ట్ అంటే ప్రశాంతం, రయొలైట్ అంటే పేలుడు. రిఫ్టుల్లో బయటికొచ్చేది అధికభాగం బసాల్టే. అలాంటప్పుడు ఒక బసాల్ట్ విస్ఫోటనానికీ ఇంకో బసాల్ట్ విస్ఫోటనానికీ తేడా చెప్పడానికి ఆ పట్టిక ఏం పనికొస్తుంది? ఆ బొమ్మలో ఒక్క గది, ఒక్క గొట్టమే ఉన్నప్పుడు పిల్లలు తేడాను ఎక్కడని వెతుక్కుంటారు?

ఆ అమ్మాయి అడిగిన జతనే తీసుకుందాం, ఎందుకంటే ప్రకృతి ఇంతకన్నా చక్కని ప్రయోగం చేసి చూపించదు. రెండూ ఐస్‌లాండ్ నైరుతి కొసన ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పంలోనివే. ఒకదానికొకటి దాదాపు 10 కిలోమీటర్ల దూరం. ఎనిమిది వందల ఏళ్ళ నిశ్శబ్దం తర్వాత అక్కడ మొదట నిప్పు కనబడింది ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ కొండ దగ్గర, 2021 మార్చి 19న. చాలా చిన్నగా మొదలైంది. మొదటి నెలంతా సెకనుకు 5 నుంచి 10 ఘనపు మీటర్ల లావా మాత్రమే వచ్చింది. జనం కొండలెక్కి వెళ్ళి చూసొచ్చారు. సెప్టెంబర్ 18 దాకా అది పారుతూనే ఉంది.

అక్కడి మాగ్మా దారిలో పెద్దగా ఎక్కడా ఆగలేదు. భూపటలం అడుగున, దాదాపు 15 కిలోమీటర్ల లోతులో, మాంటిల్ మొదలయ్యే చోటినుంచి దాదాపు నేరుగా పైకొచ్చింది. శాస్త్రవేత్తలు లావా పారుతుండగానే నమూనాలు తీసుకుంటూ వచ్చారు. కొద్ది వారాల్లోనే రసాయనం మారిపోవడం వాళ్ళు గమనించారు. మొదట వచ్చింది మాంటిల్ పైభాగంలో కరిగిన ద్రవం, తర్వాత వచ్చింది ఇంకా లోతున కరిగినది. ఇంత త్వరగా మూలం మారడాన్ని విస్ఫోటనం సాగుతుండగానే పట్టుకోవడం చాలా అరుదు. పైన పెద్ద నిల్వ ఏదైనా ఉండి ఉంటే ఈ రెండూ అందులో కలిసిపోయేవి, ఆ మార్పు మనకు కనబడేదే కాదు.

గ్రిందావిక్ దగ్గర కథ వేరు. అక్కడ స్వార్ట్‌సెంగి అనే చోట, 4 లేదా 5 కిలోమీటర్ల లోతులో మాగ్మా చేరుతుంది. కింది నుంచి ఒక ధారగా వచ్చి నిండుతుంటే పైనేల మెల్లగా ఉబ్బుతుంది. ఒక హద్దు దాటాక గోడ తెగుతుంది. మాగ్మా పక్కకు తోసుకెళ్ళి, సుంద్‌న్యూకుర్ చీలిక వెంట నిలువు పలకలా చొచ్చుకుపోతుంది. ఆ పలకనే డైక్ అంటారు. దాని అంచు పైకి తగిలితే నేల చీలుతుంది. నిల్వలో పేరుకున్నదంతా ఒక్కసారిగా వస్తుంది కాబట్టి మొదటి గంటల్లో సెకనుకు వందల ఘనపు మీటర్లు పోటెత్తుతుంది. నిల్వ దిగిపోతే ఆగిపోతుంది. ఉబ్బిన నేల కుంగుతుంది. మళ్ళీ నిండడం మొదలు. 2023 డిసెంబర్ నుంచి 2025 జూలై దాకా ఇలా 9 సార్లు జరిగింది.

తరగతిలో దీన్ని నేనిప్పుడు ఇలా చెబుతాను. ఫాగ్రదాల్స్‌ఫ్యాట్ల్ సన్నగా తిప్పి వదిలేసిన కొళాయి. స్వార్ట్‌సెంగి ఫ్లష్ ట్యాంకు. రెండింటిలోనూ నీళ్ళు నీళ్ళే. నీటిని ఎంత పరీక్షించినా ఒకటి సన్నగా ఎందుకు పారుతోందో, ఇంకోటి దభాలున ఎందుకు వస్తోందో తెలియదు. గోడ వెనక పైపులు చూడాలి.

ఈ పోలికలో ఒక లోపముంది, అదీ చెప్పాలి. 2024 మార్చి 16న అదే చీలికలో మొదలైన విస్ఫోటనం 54 రోజులు సాగింది. మొదట ఉధృతంగా వచ్చి, తర్వాత సన్నబడి, ఆగకుండా నిలకడగా పారింది. కింది నుంచి వస్తున్న మాగ్మాలో కొంత పైకి పోతూ, కొంత నిల్వలో చేరుతూ ఉండింది. ఫ్లష్ ట్యాంకు కొన్నాళ్ళు కొళాయిలా నడిచిందన్నమాట. పైపులు శాశ్వతంగా ఒకేలా ఉండవు. వేడి ద్రవం పారినంతకాలం దారి తెరుచుకుని ఉంటుంది, ఆగితే గడ్డకట్టి మూసుకుపోతుంది. మళ్ళీసారి వేరే చోట తెగొచ్చు.

ఇక రసాయనం దగ్గరికొస్తాను. పట్టికలో రసాయనాన్ని పుట్టుమచ్చలా చూపిస్తారు, మాగ్మా దాంతోనే పుట్టినట్టు. నిజానికి అది మాగ్మా బతుకులో మారుతూ వచ్చేది. బసాల్ట్ మాగ్మా ఎక్కడైనా ఆగిందంటే చల్లబడుతుంది. చల్లబడగానే మొదట గడ్డకట్టేది ఆలివిన్ అనే ఆకుపచ్చని ఖనిజం. దాంట్లో మెగ్నీషియం, ఇనుము ఎక్కువ, సిలికా తక్కువ. ఆ స్ఫటికాలు వేరుపడుతుంటే మిగిలిన ద్రవంలో సిలికా వాటా పెరుగుతుంది. నీరు, ఇతర గ్యాసులు స్ఫటికాల్లోకి పోవు కాబట్టి అవీ మిగిలిన ద్రవంలోనే చేరుకుంటాయి. ఎంత ఆగితే అంత చిక్కదనం, అంత గ్యాసు. చుట్టూ ఉన్న పాత రాళ్ళను కరిగించుకుంటే ఇంకా మారుతుంది. అంటే చాలా చోట్ల రయొలైట్ అంటే వేరే జాతి కాదు, దారిలో ఎక్కువకాలం నిలిచిపోయిన మాగ్మా. పేలుడుకు కారణం సిలికా అని చెప్పి ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఆ సిలికా అక్కడికెలా చేరిందన్నది మిగతా సగం, అది ప్లంబింగ్ సంగతి.

హవాయిలోని కిలవేయాలో 2018లో జరిగింది చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టుంటుంది. కిలవేయా శిఖరం నుంచి తూర్పుగా ఒక రిఫ్టు సముద్రందాకా పోతుంది. ఇది ఫలకాల సరిహద్దు కాదు, కొండ పక్క విడిపోతూ చీలే పట్టీ; దాన్నీ రిఫ్టనే అంటారు. దాని మధ్యలో ఉన్న పుఊ ఓఓ బిలం 1983 నుంచీ పారుతూనే ఉంది. 2018 ఏప్రిల్ 30న దాని అడుగు కూలింది. మాగ్మా భూమి లోపలినుంచే దిగువకు కదిలింది. మే 3న శిఖరానికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, లెయిలానీ ఎస్టేట్స్ అనే నివాస ప్రాంతంలో వీధుల మధ్య నేల చీలింది. మర్నాడు 6.9 తీవ్రతతో భూకంపం వచ్చింది.

మొదటి రెండు వారాలు వచ్చిన లావా జిగటగా, తక్కువ వేడితో, ముద్దలుగా ఎగిరిపడుతూ ఉంది. ఎక్కువ దూరం పారలేదు. దాని రసాయనం 1955లో అదే ప్రాంతంలో వచ్చిన లావాకు దగ్గరగా ఉంది. కింద అరవై ఏళ్ళకు పైగా మురిగిపోయిన పాత మాగ్మాను కొత్తది ముందుకు తోస్తోందన్నమాట. వరసగా తెరుచుకున్న చీలికల్లో 17వ దాంట్లోనైతే, బసాల్ట్ కన్నా సిలికా ఎక్కువున్న ఆండసైట్ కూడా వచ్చింది. కిలవేయా అంటే బసాల్టే అనుకునేవాళ్ళకు అది నమ్మశక్యం కాని సంగతి. ఆ చీలిక చప్పుళ్ళతో పేలుతూ నిప్పు ముద్దలు విసిరింది.

మే మూడో వారానికి పాత సరుకు అయిపోయింది. శిఖరం వైపు నుంచి వేడి, పలుచని, తాజా మాగ్మా వచ్చేసింది. అక్కడినుంచి అది నిప్పు నదే. 8వ చీలిక మే చివరినుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఏకబిగిన పారి సముద్రాన్ని చేరింది. 700కు పైగా ఇళ్ళు దాని కింద పోయాయి. ఇప్పుడు ఆలోచించండి. ఇళ్ళను ఎక్కువగా మింగింది పేలిన జిగురు లావా కాదు, "ప్రశాంతమైనది" అని పట్టిక చెప్పే పలుచని బసాల్ట్.

అక్కడ ఇంకోటి జరిగింది. మాగ్మా తరలిపోతుంటే శిఖరం కింద ఆధారం పోయి అక్కడి నేల కుంగడం మొదలైంది. దాదాపు రోజుకోసారి, మొత్తం 62 సార్లు కూలింది. ఒక్కో కూలడం రిక్టర్ స్కేలుపై 5 దాటిన భూకంపమంత. శిఖర బిలం దాదాపు 500 మీటర్లు లోతైంది. శిఖరం కూలిన కొద్ది గంటల్లో 40 కిలోమీటర్ల దూరంలోని 8వ చీలికలో లావా పొంగేది. పైన పిస్టన్ నొక్కితే దూరాన కొళాయిలో ధార పెరిగినట్టు. ఆ రెండూ ఒకే గొట్టంతో కలిసి ఉన్నాయని ఇంతకన్నా స్పష్టంగా ఏ రసాయన పరీక్ష చెప్పగలదు? లావా ఒడ్డున ఉన్న అధికారులకు ఆ రోజుల్లో ఎక్కువగా పనికొచ్చింది ఈ సంబంధమే. శిఖరం కూలిందంటే మరికొన్ని గంటల్లో కాలువ గట్లు పొంగొచ్చని ముందే తెలిసేది.

ఇంతవరకూ మాగ్మా తోస్తుందన్నట్టు మాట్లాడాను. రిఫ్టుల్లో దానితో సమానంగా ఇంకో బలముంది, లాగడం. ఐస్‌లాండ్‌లో ఫలకాలు ఏడాదికి దాదాపు రెండు సెంటీమీటర్ల చొప్పున విడిపోతూ ఉంటాయి, కానీ పైనున్న రాయి వెంటనే తెగదు. వందల ఏళ్ళు సాగతీతను లోపల దాచుకుంటుంది. ఆ టెన్షన్ నిండా ఉన్న చోట చిన్న మాగ్మా పోటు తగిలినా చాలు, రాయి తనంతట తానే నోరు తెరిచి మాగ్మాను లోపలికి పీల్చుకుంటుంది.

డిసెంబర్ విస్ఫోటనానికి ఐదు వారాల ముందు, నవంబర్ 10న గ్రిందావిక్ కింద జరిగింది అదే. కొద్ది గంటల్లో 15 కిలోమీటర్ల పొడవున డైక్ చొచ్చుకొచ్చింది. లోపల మాగ్మా ప్రవాహం అత్యధికంగా సెకనుకు 7,400 ఘనపు మీటర్లకు చేరిందని తర్వాత లెక్కగట్టారు. తర్వాతి విస్ఫోటనాల్లో పైన చూసిన ఉధృతి దాని ముందు చాలా చిన్నది. ఆ రాత్రే ఊరు ఖాళీ చేయించారు. వీధుల్లో నేల కుంగి పగుళ్ళు తేలాయి. కానీ ఒక్క చుక్క లావా పైకి రాలేదు.

లావా రాలేదు కాబట్టి హెచ్చరిక తప్పిపోయిందని అప్పట్లో ఎవరైనా అనుకుని ఉంటే, అది సరైన ఆలోచన కాదు. వందల ఏళ్ళుగా సాగిన సందు మాగ్మాను మింగేసింది కాబట్టే లావా రాలేదు. ఇథియోపియాలోని అఫార్‌లో 2005 సెప్టెంబర్‌లో ఇదే ఇంకా పెద్ద ఎత్తున జరిగింది. 60 కిలోమీటర్ల పొడవున నేల విడిపోయింది, కొన్ని చోట్ల 8 మీటర్ల దాకా. దాదాపు 2.5 ఘనపు కిలోమీటర్ల మాగ్మా లోపల చొరబడింది. పైన మాత్రం దబ్బాహు అగ్నిపర్వతం దగ్గర ఒక చిన్న చోట బూడిద లేచిందంతే. ఆ తర్వాత 2010 దాకా మరో 13 డైకులు వచ్చాయి. వాటిలో లావా పైకొచ్చింది మూడు సార్లే.

ఐస్‌లాండ్ ఉత్తరాన క్రాఫ్లాలో 1975 నుంచి 1984 దాకా నడిచిన వరసలో ఈ లెక్క ఇంకా బాగా తెలుస్తుంది. దాదాపు 20 సార్లు మాగ్మా కదిలింది, 9 సార్లు మాత్రమే లావా బయటపడింది. మొదటి ఏళ్ళలో వచ్చిందంతా చాలావరకు భూమిలోనే ఇమిడిపోయింది. సందులు నిండేకొద్దీ, లాగే బలం తీరేకొద్దీ, మాగ్మాకు పక్కకు పోయే చోటు తగ్గింది. చివరి ఏళ్ళలో అది పైకే వచ్చింది. మధ్యలో, 1977 సెప్టెంబర్‌లో, ఒక డైక్ భూతాప విద్యుత్తు కోసం తవ్విన బోరుబావిని తాకింది. లావా ఆ బోరు గొట్టంలోంచే పైకొచ్చి కాసేపు ఎగజిమ్మింది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. మనిషి వేసిన పైపు ఒక్క క్షణం అగ్నిపర్వతం ప్లంబింగ్‌లో భాగమైపోయింది.

ఇప్పుడు నా వాదనకు ఎదురుగా నిలిచేవి కూడా చూడాలి. కాంగోలోని న్యిరాగొంగో దగ్గర రసాయనమే అంతా అనిపిస్తుంది. అక్కడి లావాలో సిలికా 40 శాతం కన్నా తక్కువ. ఇంకా పలుచన. 1977 జనవరి 10న దాని బిలంలోని లావా సరస్సు గంటలోపే ఖాళీ అయ్యింది. కొండ పక్కల చీలికలనుంచి దూసుకొచ్చిన లావా గంటకు 60 కిలోమీటర్ల వేగం అందుకుందని చెబుతారు. పారిపోయే వ్యవధి లేక ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సాధారణ బసాల్ట్ అయితే అంత వేగం అందుకునేది కాదు. ఇది ఒప్పుకోవాల్సిందే. టాంజానియాలోని ఓల్ డొయిన్యో లెంగాయ్ ఇంకా వింత. దాని లావాలో సిలికా దాదాపు ఉండదు, సోడియం కార్బొనేటులే ఎక్కువ. 500 నుంచి 600 డిగ్రీలకే పారుతుంది, పగటి వెలుగులో నల్లగా కనబడి, తర్వాత తెల్లబడుతుంది. ఇక్కడ రసాయనాన్ని పక్కనబెట్టి ఎవరూ ఏమీ మాట్లాడలేరు.

అయినా న్యిరాగొంగో నాకు చివరికి ప్లంబింగ్ పాఠమే నేర్పింది. 2021 మే 22న అది మళ్ళీ తెగి లావా గోమా నగరం వైపు వచ్చింది. ముందుగా గుర్తించదగిన సూచనలేవీ లేవు. స్వార్ట్‌సెంగిలో నేల నెలల తరబడి ఉబ్బుతూ హెచ్చరించింది కదా, ఇక్కడెందుకు ఏమీ తెలియలేదు? ఎందుకంటే న్యిరాగొంగో మూత లేని కుండ. సరస్సు పైన తెరుచుకునే ఉంది, మాగ్మా కొండ పైభాగం దాకా నిలిచే ఉంది. లోపల ఒత్తిడి పెరిగి నేల ఉబ్బాల్సిన అవసరమే లేదు. కొండ గోడ తెగితే చాలు. ఆ తర్వాతి రోజుల్లో డైక్ గోమా కిందుగా కీవు సరస్సు దాకా పాకింది. మళ్ళీ విస్ఫోటనం రావొచ్చని నగరంలో కొంత భాగాన్ని ఖాళీ చేయించారు. అది పైకి రాలేదు. లావా ఎంత వేగంగా వస్తుందన్నది రసాయనం చెప్పింది. ముందే తెలుస్తుందా లేదా అన్నది మాత్రం పైపులే చెప్పాయి. ప్రాణాల లెక్కలో నాకు రెండోదే ముందు.

గ్యాస్ సంగతిలో ఇంకో పోలిక. 1783 జూన్ 8న ఐస్‌లాండ్‌లో లాకి చీలిక 27 కిలోమీటర్ల పొడవున తెరుచుకుని ఎనిమిది నెలలు పారింది. దాదాపు 14.7 ఘనపు కిలోమీటర్ల లావా, 12 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. గడ్డి విషమై పశువులు చచ్చిపోయాయి, వెనకే వచ్చిన కరువులో ఆ దేశ జనాభాలో దాదాపు ఐదోవంతు పోయింది. 2014 ఆగస్టులో ఐస్‌లాండ్‌లోనే బౌర్దార్‌బుంగా అనే అగ్నిపర్వతం కింద మొదలైన డైక్ రెండు వారాలు దాదాపు 48 కిలోమీటర్లు పాకి హోలూహ్రాయిన్ మైదానంలో తేలింది. ఆరు నెలల్లో దాదాపు 1.5 ఘనపు కిలోమీటర్ల లావా, 1.1 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ వచ్చాయి. భాగించి చూడండి. ఒక్కో ఘనపు కిలోమీటరుకు గ్యాస్ దాదాపు సమానం. రసాయనం రెండు చోట్లా ఇంచుమించు ఒకే విషం కలిపింది. ఒకచోట దేశం కూలింది, ఒకచోట కూలలేదు. కాలాలు వేరు, జనం వసతులు వేరు, నిజమే. కానీ మొదటి తేడా పదిరెట్ల మాగ్మాది. కింద ఎంత నిల్వ ఉంది, దారి ఎంతకాలం తెరుచుకుని ఉంది అన్నదాని తేడా అది. హోలూహ్రాయిన్‌లో పారుడు తగ్గుతూ వచ్చిన తీరు, దూరాన బౌర్దార్‌బుంగా బిలం కుంగుతూ వచ్చిన తీరు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టున్నాయి. ఆ బిలం 65 మీటర్లు దిగింది. దిగడం ఆగేసరికి ఇక్కడ నిప్పూ ఆగింది.

"బసాల్ట్ ప్రశాంతం" అనే వాక్యాన్ని పుస్తకాలనుంచి తీసేయాలని నేను గట్టిగా కోరుకునేది మాత్రం తరవేరా వల్ల. న్యూజిలాండ్‌లోని ఆ కొండ రయొలైట్ గుమ్మటాలతో పేరుకున్నది. 1886 జూన్ 10 తెల్లవారుజామున దాన్ని నిలువునా చీల్చుకుని పైకొచ్చింది బసాల్ట్. 17 కిలోమీటర్ల చీలిక, కొద్ది గంటల పేలుళ్ళు, దాదాపు 120 మంది మృతి. లోతునుంచి అమిత వేగంగా రావడంతో బుడగలు విడిపోయే వ్యవధి దొరకలేదు. సన్నని స్ఫటికాలు ఒక్కసారిగా పుట్టి ద్రవం బిగుసుకుపోయింది. చీలిక రోటోమహనా సరస్సు కిందికి పోయేసరికి అక్కడి వేడినీటి వ్యవస్థ మొత్తం పేలింది. అదే బసాల్ట్ ఇంకో దారిలో, ఇంకో వేగంతో వచ్చి ఉంటే చుట్టుపక్కల పల్లెలు బతికేవేమో. ఐస్‌లాండ్‌లోని ఆస్క్యా దగ్గర 1875లో దీనికి అటు వైపు కనబడుతుంది. రిఫ్టు కదిలినప్పుడు ఉత్తరాన పదుల కిలోమీటర్ల దూరంలో బసాల్ట్ పారింది. ఆస్క్యాలో మాత్రం, నిలవున్న రయొలైట్ మార్చి 28, 29 తేదీల్లో పేలి బూడిదను స్కాండినేవియా దాకా పంపింది. ఒకే రిఫ్టు, ఒకే కదలిక, రెండు రకాల విస్ఫోటనాలు. ఏ చోట ఏది నిలవుండి ఉందో దాన్ని బట్టి.

ఈ నిలవలు మనకు కనబడకుండా ఎంత దగ్గరలో ఉండగలవో తవ్వకాలు చూపించాయి. 2009లో క్రాఫ్లాలో 4 కిలోమీటర్లకు పైగా దిగాలని మొదలుపెట్టిన బోరు 2.1 కిలోమీటర్ల దగ్గరే 900 డిగ్రీల రయొలైట్ మాగ్మాలో దిగింది. అన్ని సర్వేలు చేసినా అక్కడ అది ఉందని ముందు ఎవరికీ తెలియలేదు. అంతకుముందు 2005లో హవాయిలో, 2018లో చీలిన ఆ తూర్పు రిఫ్టులోనే, 2.5 కిలోమీటర్ల లోతున బోరు డేసైట్ మాగ్మాను తాకింది, అంటే ఆండసైట్ కన్నా సిలికా ఎక్కువున్నదాన్ని. అంటే 17వ చీలికలోని ఆండసైట్ మనల్ని ఆశ్చర్యపరచకముందు 13 ఏళ్ళ క్రితమే ఆ రిఫ్టు తన లోపలి పాత మడుగులను ఒకసారి చూపించింది.

అందుకే రసాయనాన్ని నేను చిన్నబుచ్చను. దాన్ని చదవాల్సిన తీరు వేరంటాను. లావాలోని ఒక ఆలివిన్ స్ఫటికం అంచులో పదార్థాలు ఎంత మేర వ్యాపించాయో కొలిస్తే, కొత్త మాగ్మా వచ్చి కలిసి ఎన్ని రోజులైందో, ఎన్ని నెలలైందో తెలుస్తుంది. దాని కడుపులో చిక్కుకున్న గాజు బొట్టులోని కార్బన్ డయాక్సైడ్ చూస్తే అది ఎంత లోతున పెరిగిందో తెలుస్తుంది. సిలికా శాతం ఒక పేరు పెట్టి ఊరుకుంటుంది. స్ఫటికం మాత్రం ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది అని మన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

నా తరగతిలో ఇప్పుడు శంఖాకారపు కొండను చివర్లో గీస్తాను. ముందు కింద మాంటిల్, దానిమీద ఒకటి రెండు పల్చటి నిల్వలు, పక్కన పాత మాగ్మా గడ్డకడుతున్న చిన్న మడుగులు, వాటిని కోసుకుపోయే నిలువు గీతలు. కొన్ని గీతలు పైకి చేరవు. పిల్లలు "సార్, ఇది మధ్యలోనే ఆపేశారేంటి?" అని అడుగుతారు. అక్కడ అఫార్ గురించి చెబుతాను.

మొదట ప్రశ్న అడిగిన అమ్మాయి పై చదువులకు వెళ్ళింది. కొన్నాళ్ళ క్రితం స్వార్ట్‌సెంగి నేల ఎత్తు చూపించే జీపీఎస్ గ్రాఫు ఆమెకు పంపాను. రంపపు పళ్ళలా ఉంటుంది. మెల్లగా ఎక్కడం, గబుక్కున దిగడం, మళ్ళీ ఎక్కడం. దాంతోపాటు ఒక సంగతి రాశాను. 2024 మొదట్లో నిల్వలో 80 లక్షల నుంచి 1.3 కోట్ల ఘనపు మీటర్లు చేరితే గోడ తెగేది. తర్వాత్తర్వాత ఇంకా ఎక్కువ చేరినా తెగలేదు, ఆ హద్దు పైకి జరుగుతూ పోయింది.

"ఎందుకు జరిగింది సార్?" అని జవాబొచ్చింది.

క్రాఫ్లా చివరి ఏళ్ళు గుర్తు చేశాను. ఏడాదికి రెండు సెంటీమీటర్ల చొప్పున ఎనిమిది వందల ఏళ్ళకు ఎంత సందు పోగుపడుతుందో చూసి, నవంబర్ 10 నుంచి వచ్చిన డైకుల వెడల్పులు ఒక్కొక్కటే అందులోంచి తీసేయమన్నాను. మిగిలింది ఎంతో ఆమె ఇంకా లెక్కగట్టి పంపలేదు.